బొమ్మ రైలింజను రిపేరు – ఐటీఐ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు



కొత్తగూడెం నుంచి సత్తుపల్లి దాకా 54 కిలోమీటర్ల బొగ్గు లైను వచ్చింది గానీ, మన వేంసూరు పిల్లలకు రైలంటే ఇప్పటికీ దూరం నుంచి చూసేదే. నా బల్ల మీదకు మాత్రం ఒక ఇంజనే రిపేరుకు వచ్చింది. అది రాయాలనిపించింది.

నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ చేసి ఖమ్మంలో ఒక షాపులో పనిచేస్తున్నా. రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన జానెడు ఇంజను తెచ్చారు. అసలు ఇంజనులో 87వ వంతు సైజు. దీన్ని హెచ్.ఓ. స్కేలు అంటారు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. డీకోడర్ కాలిపోతే పట్నంలో ఎవరో కొత్తది వేశారట. వారంలో అదీ కాలింది. నాది ఏ ఊరో, ఎవరి పిల్లాడినో అడిగి విన్నాక ఆయన ఇంజనును మళ్లీ సంచిలో పెట్టబోయారు. "విప్పి చూస్తా సార్, బాగుకాకపోతే పైసలొద్దు" అన్నా. కూర్చున్నారు.

ఈ ఇంజన్లకు కరెంటూ, ఆజ్ఞలూ రెండూ పట్టాల గుండానే వస్తాయి. వాటిని చదివి మోటారును తిప్పే చిన్న బోర్డే డీకోడర్. వైర్ల రంగులకు లెక్క ఉంది. ఎరుపు, నలుపు పట్టాల నుంచి వస్తాయి. నారింజ, బూడిద మోటారుకు పోతాయి. డీకోడర్ తీసేశాక ఈ రెండు జతల మధ్య ఎక్కడా కలవకూడదు. మల్టీమీటరు కంటిన్యుటీలో పెట్టి చూస్తే నారింజకూ ఎరుపుకూ మధ్య బీప్ మోగింది!

దొంగ దొరికాడు. మోటారు అడుగున ఇన్సులేషన్ అరిగి, బ్రష్ దగ్గరి రేకు ఇనుప చట్రానికి తగులుతోంది. ఆ చట్రం ఒకపక్క చక్రాలకు కలిసి ఉంది. పట్టాల కరెంటు డీకోడర్‌లోకి వెనక నుంచి దూరుతోంది. ఇలా ఉంటే ఎన్ని కొత్తవి వేసినా కాలతాయి.

కాప్టన్ టేపు వేశా. బీప్ ఆగింది. తర్వాత మోటారుకు నేరుగా 12 వోల్టుల డీసీ ఇచ్చి, చక్రాలు క్షణం సేపు పట్టుకుని కరెంటు కొలిచా. ఒక ఆంపియర్ లోపే ఉంది, డీకోడర్ మోయగలదు. చక్రాల మసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అప్పుడు కొత్త డీకోడర్ పెట్టా. ఇంజను నడిచింది. పెద్దాయన పోయేటప్పుడు షాపు నంబరుతో పాటు నా పేరు, ఊరి పేరు కూడా రాసుకున్నారు.

కాలిన ముక్క మార్చడం ఎవరైనా చేస్తారు. ఎందుకు కాలిందో వెతకడమే మన విద్య. 25 వేల వోల్టుల తీగ కింద నడిచే అసలు ఇంజన్లలోనూ కరెంటు బాడీకి తగిలితే పట్టుకోవడానికి ఎర్త్ ఫాల్ట్ రిలేలు ఉంటాయి. సూత్రం అదే.

"ఐటీఐ ఎందుకురా, డిగ్రీ చెయ్" అనేవాళ్లు మన ఇళ్లలో చాలామందే. పది పాసైతే చాలు, ఇది రెండేళ్ల కోర్సు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు టెన్త్‌తో పాటు ఈ ట్రేడ్ చెల్లుతుంది. ఎస్టీలకు వయసులో 5 ఏళ్ల సడలింపు ఉంది. మధ్యలో మానేసినవాళ్లు ఉంటే మళ్లీ చేరండి. నా పుస్తకాలు, పాత మీటరు ఇంట్లోనే ఉన్నాయి. కావాల్సినవాళ్లు వచ్చి తీసుకోండి.