తల్లిలేని కుక్కపిల్లలు

వార్షిక సంచికకు వ్యాసము కావలెనని ప్రకటన వెలువడగానే మా మిత్రులలో కొందరు ఓడరేవును గూర్చి, మరికొందరు ఉక్కు కర్మాగారమును గూర్చి వ్రాయుటకు పూనుకొన్నారు. మాకు కుక్కపిల్లలు మిగిలినవి. కుక్కపిల్లను సైతము కవితలోనికి రానిచ్చిన శ్రీశ్రీ పుట్టిన ఊరు మాది గనుక, సంపాదకవర్గమువారు దీనిని త్రోసిపుచ్చరనే ధైర్యముతో ప్రారంభిస్తున్నాము. "మేము" అనుట గొప్పకు కాదని కూడ మనవి. నిజముగానే మేము ముగ్గురము: అన్నయ్య, చెల్లెలు, నడుమ ఈ వ్యాసకర్త.

మా ఇల్లు పాతనగరములో దర్గా కొండకు దిగువన ఉన్నది. 2014 సెప్టెంబరు మాసాంతమున ఒక వీథికుక్క మా పెరటిలోని కట్టెల మోపు క్రింద నాలుగు పిల్లలను పెట్టినది. ఎవ్వరినీ దగ్గరకు రానిచ్చేది కాదు. మేము దూరమునుండి చూచి తృప్తిపడేవారము. అక్టోబరు 12వ తేదీన హుద్ హుద్ తుఫాను విశాఖను తాకినది. ఆనాటి గాలిని ఈ నగరవాసులకు మేము వర్ణించి చెప్పనక్కరలేదు. మా వీథిలో ఉన్న ఒకే ఒక వేపచెట్టు వేళ్ళతో సహా పెకలింపబడి పడినది. మరునాడు గాలి తగ్గిన తరువాత పెరటిలోనికి పోయి చూడగా పిల్లలు నాలుగూ తడిసి, ఒకదానిమీద ఒకటి పడి మూలుగుతున్నవి. తల్లి లేదు. దానిని రెండు రోజుల తరువాత కూలిన ప్రహరీగోడ ప్రక్కన చూచాము.

ఇంటిలో పెద్దది మా దాదీ. కుక్క ఇంటిలోనికి రాకూడదన్నది ఆమె నియమము. అది ముట్టిన పాత్రను ఏడుమారులు కడగవలెనన్నది మరొక నియమము. అయినప్పటికీ ఆ ఉదయము ఆమెయే పాత గోనెసంచి ఒకటి, సొట్టలు పడిన సత్తుగిన్నె ఒకటి తెచ్చి వరండా చివర పెట్టినది. దాహముతో నాలుక చాచిన కుక్కకు బావినుండి నీరు తోడి పోసినవానిని అల్లా క్షమించెనన్న హదీసును మాకు చెప్పి, "గిన్నె గడప దాటకూడదు, పిల్లలూ దాటకూడదు, మీరు చేతులు కడుక్కోకుండా నా దగ్గరకు రాకూడదు" అన్నది. ఈ మూడు షరతులతో మా పెంపకము మొదలైనది.

ఆ దినములలో విద్యుత్తు లేదు, నీరు లేదు, పాల ప్యాకెట్టు కొరకు మనుష్యులు బారులు తీరి నిలుచున్నారు. నాన్నగారు ఎక్కడనో సంపాదించి తెచ్చిన అరలీటరు పాలలో మా వంతును మేము త్రాగక దాచి, గోరువెచ్చగా చేసి కుక్కపిల్లలకు పోశాము. త్యాగము చేశామని మాకు ఎంతో గర్వము! సాయంకాలమునకు నాలుగింటికీ విరేచనములు పట్టుకొన్నవి. త్యాగమునకు ఇది ఫలమా అని చెల్లెలు ఏడ్చినది.

మాకు దారి చూపినది వీథిలో ఎండుచేపలమ్మే ముసలమ్మ. పడవలన్నీ విరిగి రేవులో పోగులుపడి ఉండగా, తుఫానుకు ముందటి సరుకును తట్టలో పెట్టుకొని వచ్చినది. వరండాలోని మా వైద్యమును చూచి నడుము మీద చేయి వేసికొని, "ఏటి బాబూ, ఆవుపాలు పోస్తన్నారా? అవి కుక్కపిల్లలు గానీ దూడలేటి? తల్లి కుక్క తాను తిన్నది కక్కి పెడతాది పిల్లలకి. మీరూ అలగే మెత్తగా, వెచ్చగా పెట్టండి" అన్నది. మాకు అసహ్యము వేసినది. కాని ఆమె చెప్పినది అక్షరాల నిజమని తరువాత పుస్తకముల వలన తెలిసినది. పాలు మరపించు దశలో తల్లికుక్క తన కడుపులోని సగము జీర్ణమైన ఆహారమును పిల్లల ముందు వెళ్ళగ్రక్కుట శునకజాతికి తోడేళ్ళ నుండి వచ్చిన అలవాటు. పాల సంగతియు అంతే. శునకమాత పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో కంటె రెండింతలకు పైగా ఉంటవి. పాలచక్కెర మాత్రము తక్కువ. ఆవుపాలు పోసినచో పిల్లకు కావలసిన బలము చాలదు, అక్కరలేని చక్కెర ప్రేగులలో మిగిలి విరేచనములగును.

ఆనాటి నుండి మా వంట ఇట్లు సాగినది. ఎండు నెత్తళ్ళను రెండు మారులు నీటిలో నానబెట్టి, ఉప్పుతో కూడిన ఆ నీటిని పారబోసి, తలలు తీసి, ముల్లు చితికిపోవునంతవరకు ఉడికించేవారము. మెత్తని అన్నము, గంజి కలిపి రోటిలో నూరి, మోచేతిపై వేసికొని వెచ్చదనము చూచి పెట్టేవారము. రోజుకు అయిదు మారులు, మాసము నిండిన పిదప నాలుగు మారులు. మధ్య మధ్య చోడి జావ. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు ఉన్నది. ఏ ఇతర ధాన్యమునందును అంత లేదు. అయినను ఎముకలకు అసలు ఆధారము ఆ నూరిన చేప ముల్లే. ఉత్త మాంసము మీద పెంచిన పిల్లలకు కాళ్ళు వంకరపోవునని చాలమందికి తెలియదు. మాంసములో భాస్వరము హెచ్చు, సున్నము బహు తక్కువ. ఆ లోటును శరీరము తన ఎముకలనుండే తీసికొని పూడ్చుకొనును. పడవలు తిరిగి వేటకు పోయిన తరువాత పచ్చి నెత్తళ్ళు దొరికినవి. వానిని కూడ ఉడికించియే పెట్టాము. కొన్ని జాతుల పచ్చి చేపలలో బి1 విటమినును నాశనము చేయు పదార్థము ఉన్నది. ఉడికించినచో అది నశించును.

కుక్క మాంసాహారి గదా, అన్నమేమిటని అడిగే పట్టణపు నాగరికులు ఉన్నారు. 2013లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు కుక్కల జన్యువులను తోడేళ్ళ జన్యువులతో పోల్చి చూచి, పిండిపదార్థమును అరిగించుకొను జన్యువు కుక్కలలో పలు ప్రతులుగా పెరిగియున్నదని తేల్చారు. మనిషి గాదెల ప్రక్కన వేల ఏండ్లు బ్రతికిన ప్రాణి మనిషి ఎంగిలికి అలవాటుపడక ఎట్లుండును?

అయితే ఎంగిలి అనిన మాటతోనే మా ఇంటివంటి ఇండ్లలో అపాయము మొదలగును. మా వంటింటిలో ఉల్లి, వెల్లుల్లి లేకుండ దిగే గిన్నె లేదు. ఆ రెండును, పచ్చివైనను వేయించినవైనను, కుక్క రక్తములోని ఎర్రకణములను చెడగొట్టును. ప్రేమతో పెట్టిన బిర్యానీ ముద్ద దానికి విషమే. పండుగనాటి షీర్ ఖుర్మాలో పడే కిస్‌మిస్ పండ్లు మూత్రపిండములను దెబ్బతీయును. చాక్లెట్టు సంగతి నేడు చాలమందికి తెలుసు. ఇక బక్రీదునాడు ఇరుగుపొరుగువారు దయతో విసిరే ఉడికిన ఎముకలు! పచ్చి ఎముక విరిగినప్పటి తీరు వేరు. ఉడికిన ఎముక పెళుసై సూదులవలె చీలి గొంతులోనో ప్రేగులోనో దిగును. ఇవన్నియు మాకు ఒక్కనాడు తెలిసినవి కావు. కొన్ని ముసలమ్మ చెప్పినది, కొన్ని చదివినాము. వెల్లుల్లి సంగతి మాత్రము ఆలస్యముగా తెలిసినది. పురుగులు చచ్చునని అప్పటికే రెండు దినములు రసము పిండి పోసియున్నాము.

ఈ "సహజ" వైద్యము మీద అన్నయ్యకు మక్కువ ఎక్కువ. గోమార్లు పట్టినప్పుడు ప్రక్కింటివారు కిరసనాయిలు పూయుమన్నారు. అన్నయ్య వద్దని, పడిపోయిన ఆ వేపచెట్టు ఆకులనే కాచి ఆ నీటితో తుడిచి, మిగిలిన గోమార్లను చెల్లెలి చేత ఒక్కొక్కటిగా పీకించినాడు. అందులో అతనిదే సరియైన పని. కిరసనాయిలు చర్మమును కాల్చును, నాకినచో కడుపును చెరచును. ఆ విజయముతో మాకు గర్వము హెచ్చినది. పిల్లలకు మోతీ, కాలూ, చుక్క, తూఫాన్ అని పేర్లు పెట్టాము. పొట్టలు గుండ్రముగా బుర్రకాయలవలె నిగనిగలాడుచుండెను. వచ్చినవారికెల్ల ఆ పొట్టలను చూపి, ఇంగ్లీషు మందు ఒక్కటి లేకుండ పెంచినామని చెప్పుకొనేవారము.

నవంబరు మొదటి వారములో మోతీ పాలపన్ను చెల్లెలి వ్రేలికి గుచ్చుకొని రక్తము వచ్చినది. దాదీ ఒక్క నిమిషము ఆలసించలేదు. చెల్లెలి చేతిని ధార క్రింద పట్టి సబ్బుతో పావుగంట కడిగినది. నాన్నగారు ఆసుపత్రికి తీసికొనిపోయి పిచ్చికుక్క కాటు సూది మొదటిది వేయించి, తక్కిన వానిని కూడ తేదీలు తప్పకుండ వేయించారు. పాశ్చర్ మహాశయుడు 1885లో జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి వేసిన నాటినుండి ఆ సూది ఎన్ని ప్రాణములను నిలిపెనో మేము పాఠ్యపుస్తకములో చదివియే ఉన్నాము. అదే వారము ఒక పశువైద్యుడు మా పిల్లలను చూచి, "ఆ పొట్టలు బలము కాదు బాబూ, ఏలికపాములు. తల్లి గర్భములో ఉండగానే సంక్రమిస్తాయి. మీ చేతుల ద్వారా మీకు కూడ రాగలవు. మందు వ్రాస్తున్నాను. ఆరు వారాలు దాటినవి గనుక టీకా కూడ వేయించండి" అన్నాడు. మేము పురుగుల మందు చీటీని మడిచి జేబులో పెట్టుకొని వచ్చాము. టీకా మాట ఇంటిలో చెప్పనేలేదు. మా చెల్లెలికి సూది వేయించిన వారమే మేము కుక్కపిల్లలకు సూది వద్దనుకొన్నాము. ఈ వాక్యమును వ్రాయుటకే ఈ వ్యాసము వ్రాయవలసి వచ్చినది.

నవంబరు నడుమ ఒక ఆదివారమునాడు కాలూ గిన్నె దగ్గరకు రాలేదు. మధ్యాహ్నమునకు వాంతులు, రాత్రికి రక్తవిరేచనములు. ఆ దుర్గంధము నేటికిని మా ముక్కులలో ఉన్నది. పసుపు కలిపిన మజ్జిగ పోశాము, అది నిలువలేదు. ఉదయము ఆ వైద్యుని వద్దకే పరుగెత్తాము. ఆయన మమ్ము ఒక్క మాట కూడ అనలేదు. సెలైను ఎక్కించుచు, ఇది పార్వో వ్యాధి అనియు, దీని క్రిమిని చంపు మందు లేదనియు, నీటిని నిలిపి ప్రాణమును నిలుపుటకు ప్రయత్నించుటయే వైద్యమనియు చెప్పినాడు. కాలూ మంగళవారము పోయినది. చుక్క గురువారము పోయినది. మోతీ జబ్బుపడి లేచినది. తూఫానుకు ఏమియు కాలేదు, ఎందుకో తెలియదు.

పార్వో 1978లో మొదటిసారి గుర్తింపబడి రెండేండ్లలోనే ప్రపంచమంతటను వ్యాపించిన వ్యాధి. వీథి మట్టిలో నెలల తరబడి బ్రతుకును. చెప్పులకు అంటుకొని గడపలోనికి వచ్చును. మా వరండాలోనికి అది ఎట్లు వచ్చెనో ఊహించుటకు శ్రమ అక్కరలేదు: దినమునకు పదిమంది మిత్రులకు మా పెంపకమును చూపినవారము మేమే.

తల్లికుక్క పుట్టిన మొదటి దినమున ఇచ్చు ముర్రుపాలలో ఆహారముతోపాటు రక్షణ కూడ ఉండును. ఆ రక్షణ కొన్ని వారములలో తరిగిపోవును. ఎప్పుడు తరుగునో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క తీరు. అందుచేతనే టీకాను ఆరు నుండి ఎనిమిది వారముల వయసున మొదలుపెట్టి, మూడు నాలుగు వారములకొక మారు, పదునారు వారములు నిండువరకు మరల మరల వేయుదురు. ముసలమ్మ చెప్పినది విని తల్లి నోటి పనిని మేము చేశాము. ఆ తల్లి ముర్రుపాల పనిని సూది చేయవలసియుండగా అది సహజము కాదని త్రోసివేశాము. వేపాకు నీరు చర్మము మీది గోమారును తొలగించుటకు సాయపడును. రక్తములోని క్రిమిని అది ఎరుగదు.

మిగిలిన రెండింటికి పురుగుల మందు రెండు వారములకొక మారు పట్టించి, జబ్బు తీరి కోలుకొన్న పిదప టీకాలు, మూడవ మాసమున పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించాము. వరండాను బ్లీచింగు ద్రావకముతో కడిగాము; గోనెసంచిని కాల్చివేశాము. సత్తుగిన్నెను దాదీ ఏడుమారులు కడిగినది. తరువాత రెండింటికిని సంతాన నిరోధ శస్త్రచికిత్స కూడ చేయించాము. వీథికుక్కలకు ఈ శస్త్రచికిత్సయు, పిచ్చికుక్క వ్యాధి టీకాయు చేయించవలెనని 2001లో కేంద్ర ప్రభుత్వము నియమములు చేసినది. 2023లో వానిని తిరిగి వ్రాసినది. మన నగరములో 1996 నుండి విశాఖ జంతు సంరక్షణ సంఘము ఈ మూగజీవుల సేవ చేయుచున్నది. కళాశాల ప్రాంగణములో ప్రతి వేసవిని పిల్లలను పెట్టు కుక్కలను చూచి, బిస్కట్టు విసిరి పోవు మన విద్యార్థులకు ఈ సంగతి చెప్పుట అధికప్రసంగము కాదనుకొంటాము.

మోతీని గాజువాకలోని మా మామయ్య తీసికొనిపోయినాడు. ఉక్కు కర్మాగారములో రాత్రి షిఫ్టు చేసి వచ్చు ఆయన సైకిలు చప్పుడును వీథి మొదటనే గుర్తించేదట. తూఫాన్ మాతోనే ఉన్నది. దాని ముందు పండ్లు అరిగిపోయినవి, నెత్తళ్ళను నమలలేదు. ముసలమ్మ ఇప్పుడు రాదు, ఆమె కోడలు వస్తుంది. ఉదయము చెల్లెలు కాలేజీకి బయలుదేరకముందు మరల ఆ పాత రోటినే కడిగి, చేపను, అన్నమును మెత్తగా నూరి, మోచేతిపై వేసికొని వెచ్చదనము చూచి, గడపకు ఇవతల పెడుతున్నది.