మేమను మాటకు లింగము లేదు

'వాడు వచ్చినాడు, ఆమె వచ్చినది' యనునపుడు తెలుగుక్రియ మారును. 'నేను వచ్చితిని, మేము వచ్చితిమి' యనునపుడు పలికినవారు స్త్రీయో పురుషుడో క్రియ తెలుపదు. తన్ను గూర్చి తాను చెప్పుకొనువారిని మన భాష లింగ మడుగలేదు, అడుగునది లోకము.

మమ్ము ఆడపిల్లగ పెంచిరి. గాజులు తొడిగిన నాడు మాకు దుఃఖమును లేదు, సంతోషమును లేదు, ఎరువుసొమ్ము పెట్టుకొనినట్లుండెడిది. స్త్రీయు పురుషుడును గానివారికి 'నాన్-బైనరీ' యను పేరు కలదని నడివయస్సున వినినపుడు ఊరట కలిగినది. వెంటనే సందేహమును కలిగినది. మేము వద్దనుచున్నది స్త్రీత్వమునా, స్త్రీపై మోపిన కట్టుబాట్లనా? కట్టుబాట్లే యైనచో వానిని తెంపవలయును గాని పేరు మార్చుకొననేల? అయినను కట్టుబాట్లన్నియు తొలగినట్లు భావించి చూచుకొనినను, ఆ పేరు మాది యనిపించుట లేదు. అట్లని క్రొత్త పేరును పూర్తిగ మాది యనిపించలేదు.

పేరు పెట్టుట యెల్లప్పుడును మేలు గాదు. నైజాము రాజ్యమున 1919 నాటి శాసనము నపుంసకుల పేళ్లకు పట్టిక నేర్పఱచి, అందెక్కినవారు స్త్రీవేషమున వీధిలో కనబడిన వారంటు లేకయే పట్టుకొనవచ్చుననెను. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసినది 2023లో మాత్రమే. అట్లే పేరు లేకుండుటయు నెల్లప్పుడు మేలు గాదు. 2014లో సుప్రీంకోర్టు మూడవ లింగమును గుర్తించి, తమ లింగమును తామే నిర్ణయించుకొను హక్కు కలదని తీర్పు చెప్పినపుడు, ఇంటినుండి వెడలగొట్టబడినవారెందఱికో పేరే ఆధారమైనది. పట్టిక యొకటియే, ఇతరులు వ్రాసిన నది సంకెల, తాము వ్రాసికొనిన నది హక్కు.

కావున పేరు గొనినవారిని పరిహసించుట తగదు. గొననివారిని తొందరపెట్టుటయు తగదు. మీ యింట నొక బిడ్డ 'నేనెవరినో నాకు తెలియుట లేదు' అనినచో, భూతవైద్యుని పిలువకుడు, సంబంధము వెదకి పెండ్లి చేయకుడు, 'ఏదో యొకటి తేల్చుము' అని గద్దింపకుడు. అన్నము పెట్టి, చదువు చెప్పించి, ఆ బిడ్డ కోరిన పేరుతో పిలువుడు. రేపు మఱియొక పేరు కోరిన, ఆ పేరుతోనే పిలువుడు. సందేహము రోగము గాదు. మాకింకను తీరలేదు, అయినను మా పనులు మేము చేసికొనుచునే యున్నాము.