గోదాట్లో వదిలిన చేప

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మా వారు మాత్రం ప్రతి ఏడాదీ కనుమ సాయంత్రానికే రాజమండ్రి వెళ్ళిపోదామని బ్యాగు సర్దుతారు. మా అమ్మ ప్రతి ఏడాదీ ఆ బ్యాగు తీసుకెళ్ళి బీరువా మీద పెట్టేస్తుంది. ఈ సంక్రాంతికీ అదే జరిగింది. పొద్దున్నే మినప గారెలూ కోడి కూరా తిని ఆయన మడత మంచం మీద వాలిపోయారు. మా అబ్బాయి ఫోను పట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. అది చూసి నాన్న, "లేరా, గాలం వేద్దాం" అన్నారు.

మా పుట్టిల్లు ధవళేశ్వరానికి దిగువన, గౌతమి గట్టుని ఆనుకుని ఉంటుంది. వీధి గుమ్మంలో నిలబడితే గట్టు, గట్టెక్కితే గోదారి. నాన్న బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఏడాదిగా ఆయన గట్టు దిగలేదు. అందుకే గాలం అనగానే అమ్మ గుండె గుభేలుమంది. "నేనూ వెళ్తాలే అమ్మా" అన్నాను.

పెరట్లో అరటి చెట్టు మొదట్లో తవ్వితే ఎర్రలు దొరికాయి. వాటిని కొబ్బరి చిప్పలో కాస్త తడిమట్టి వేసి పెట్టుకున్నాం. అటక మీది పాత వెదురు కర్రకి నాన్న కొత్త దారం కట్టి, జీలుగు బెండు ముక్క గుచ్చారు. మావాడికి ఎర్రని ముట్టుకోవడమే అసహ్యం. వాళ్ళ తాతయ్య గుచ్చి చూపిస్తే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

జనవరిలో గోదారి సాధువులా ఉంటుంది. వరదల నాటి ఎర్రనీళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయి, అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉన్నాయి నీళ్ళు. నీళ్ళలో వేసిన బెండు అలాగే నిలబడి ఉంది. పది నిమిషాలయింది, పావుగంటయింది.

"చేప పడకపోతే ఏం చేస్తారు తాతయ్యా?"

"కూర్చుంటాం."

వాడు నవ్వాడు. కాసేపటికి ఫోను జేబులో పెట్టేశాడు. గంటన్నరలో నాలుగు చేదుపరిగెలూ ఒక జెల్లా పడ్డాయి. జెల్లకి ముల్లుంటుంది, గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలుపు. దాన్ని ఎక్కడ ఎలా పట్టుకోవాలో నాన్న వాడి చేత పట్టించి మరీ చూపించారు. పదో తరగతి పరీక్షల బెంగతో నెల రోజులుగా ముడుచుకున్న మొహం ఆ ఒక్క జెల్లతో విచ్చుకుంది. ఆ పూటకి నాకంతే చాలు అనుకున్నాను.

అప్పుడొచ్చాడు వల బాబాయి, నావ వేసుకుని. మాకు చుట్టం కాదు. నాన్నతో ఐదో తరగతి దాకా చదువుకున్నాడు, ఆ తర్వాత చదువంతా గోదారిలోనే. పేరు పెట్టి పిలవకుండా చిన్నప్పటి నుంచీ అందరం వల బాబాయి అనే అంటాం. "ఏంటి మేష్టారూ, మనవడికి పాఠమా?" అని నవ్వి, మావాణ్ణీ నన్నూ నావ ఎక్కించుకున్నాడు. నాన్న ఒడ్డునే కూర్చున్నారు.

విసురు వల వేయడం చూడ్డానికి ఎంత తేలికో, చేయడం అంత కష్టం. వలలో కొంత మోచేతి మీద, కొంత భుజం మీద వేసుకుని నడుముని ఒక్క తిప్పు తిప్పితే అది గాల్లో గొడుగులా విచ్చుకుని నీళ్ళ మీద గుండ్రంగా పడాలి. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి గుప్పెడు రొయ్యలూ, జానెడు మోసూ వచ్చాయి. మూడోసారి లాగుతుంటే బాబాయి చెయ్యి ఆగింది. బరువుంది.

"పండుగప్పా తాతా?" అన్నాడు మావాడు.

బాబాయి మాట్లాడలేదు. బరువు చూసి సంతోషించాల్సిన మనిషి మొహం చిట్లించాడు. వల పైకొచ్చింది. అందులో మూరెడు పొడవున నల్లగా, ఒళ్ళంతా మచ్చలతో, పొలుసుల బదులు గట్టి పెంకులతో ఒక జంతువుంది. నిజంగా చేప అనాలనిపించలేదు నాకు. రెక్కల ముళ్ళు వల కన్నుల్లో దిగబడిపోయి ఉన్నాయి. నోరు మాత్రం కింద వైపు గుండ్రంగా తెరిచి మూస్తోంది.

ఆ నోరు చూసి మావాడు అరిచాడు. "అమ్మా! మన క్లీనర్!"

నాకు ఒళ్ళు జల్లుమంది.

అసలు సంగతి చెప్పాలి. మావాడు రెండో తరగతిలో ఉండగా, 2016లో, పుట్టినరోజుకి గాజు తొట్టి కొన్నాం. బంగారు చేపలతో పాటు వేలెడంత నల్లచేప ఒకటి ఇచ్చాడు షాపతను. అద్దానికి పట్టిన పాచి తినేస్తుంది, మీకు కడిగే పని తప్పుతుంది అన్నాడు. దానికి క్లీనర్ అని పేరు పెట్టాడు మావాడు. నెలలు గడిచేసరికి అది జానెడయింది, తర్వాత జానా బెత్తెడయింది. తొట్టిలో తిరగడానికే చోటు లేదు. రాత్రిళ్ళు గాజుకి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించేది.

నేను బీయే తెలుగు చదివాను కదా, ఇలాంటప్పుడు ఆ చదువు ఊరుకోదు. భాగవతం ఎనిమిదో స్కంధంలో మత్స్యావతార కథ చెప్పాను వాడికి. సత్యవ్రతుడి దోసిట్లోకి చిన్న చేప వస్తుంది. కమండలంలో వేస్తే కమండలం చాలదు, చెరువులో వేస్తే చెరువు చాలదు, చివరికి సముద్రంలో వదులుతాడు. "మనం కూడా మన చేపని గోదాట్లో వదిలేద్దాం, హాయిగా బతుకుతుంది" అన్నాను. మర్నాటి కార్తీకంలో పుష్కర ఘాట్‌కి బకెట్టుతో తీసుకెళ్ళాం. నేను దీపం వదిలాను, వాడు చేపని వదిలాడు. వాడు ఏడుస్తుంటే పుణ్యం వస్తుంది నాన్నా అని ఊరడించాను. ఆ పూట నిజంగానే నా మనసు నిండిపోయింది.

నావ ఒడ్డుకి చేరింది. బాబాయి కత్తి తీసుకుని వల కన్నులు ఒక్కొక్కటే కోస్తున్నాడు. ముళ్ళు విడదీయడానికి కుదరదు, కోయాల్సిందే. "కొన్నేళ్ళుగా పడుతున్నాయమ్మా ఈ దెయ్యాలు. కొనేవాడు లేడు, తినేవాడు లేడు. పడ్డ రోజల్లా వలకి చిల్లే. మిగతా చేపల గుడ్లు కూడా తినేస్తాయంట" అన్నాడు. ఒడ్డున వేసి చాలాసేపయినా అది చావలేదు. గాలి పీల్చుకుని గంటల తరబడి బతుకుతుందట.

"ఇవి మనవి కావు, దక్షిణ అమెరికా నుంచి అలంకారానికి తెచ్చినవి" అన్నారు నాన్న. "మనం జిలేబి అని తినే తిలాపియా కూడా 1952లో బయటి నుంచి తెచ్చిందే. దాన్ని తిండి కోసం తెచ్చారు. దీన్ని ఎవడు తెచ్చి గోదాట్లో పోశాడో!"

మావాడు నా వైపు చూశాడు. నోరు విప్పలేదు, చూశాడంతే. ఘాట్ మెట్ల మీద నేను చెప్పిన మాటలన్నీ వాడికి గుర్తున్నాయని ఆ చూపులోనే తెలిసింది.

ఊరుకోవచ్చు. మా చేప ఎప్పుడో చచ్చిపోయుండొచ్చు, ఇది దాని సంతానమే కానక్కర్లేదు. ఆ సాకులన్నీ వరసగా మనసులోకి వచ్చాయి. కానీ బాబాయి చేతిలో వల చిల్లు చిల్లుగా కనిపిస్తోంది.

"బాబాయ్, నేనూ ఒకటి వదిలాను. రాజమండ్రిలో, ఎనిమిదేళ్ళవుతోంది" అన్నాను.

కోస్తున్న కత్తి ఆగింది. తిడతాడేమో అనుకున్నాను, తిట్టినా బాగుండేది. "ఎందుకమ్మా?" అన్నాడు. నిజంగా అర్థంకాక అడిగినట్టు అడిగాడు. పుణ్యం కోసం అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కాసేపాగి తనే అన్నాడు, "నువ్వొక్కదానివే అయితే ఇన్నెలా వస్తాయిలే." అది క్షమించడమో, మరొక లెక్క చెప్పడమో ఇప్పటికీ తెలియదు.

వల డబ్బులిస్తానంటే వద్దన్నాడు. నాన్న కల్పించుకుని, "దారం ఉండలు తెచ్చిపెడుతుందిలే" అన్నాక తలూపాడు. మావాడు చేపని మళ్ళీ నీళ్ళలో వేద్దామని అడగలేదు. బాబాయి గట్టు అవతల గొయ్యి తీస్తుంటే వాడే పార అందుకున్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు వాడు అడిగాడు, "మనం చేసింది తప్పే కదమ్మా?"

"తప్పే. నేను చేసింది. నువ్వు చిన్నవాడివి."

"ఆ కథ కూడా తప్పా?"

"కథ తప్పు కాదు. అందులో చేప తనకి ఏ చోటు చాలదో రాజుకి అదే చెప్పింది. నేను ఎవరినీ అడగలేదు."

ఆ సాయంత్రం అమ్మ నాలుగు చేదుపరిగెలూ జెల్లా చింతపండు పులుసు పెట్టింది. తొమ్మిది మందికి ఐదు చిన్న చేపలు. పులుసే ఎక్కువ, ముక్క తక్కువ. మావాడు తన జెల్లని తాతయ్య కంచంలో వేశాడు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మనలో చాలామంది ఇళ్ళలో గాజు తొట్టెలున్నాయి. చేప పెద్దదైతే కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకి ఇవ్వండి. చెరువులోనో కాలవలోనో గోదాట్లోనో మాత్రం వదలకండి. తొట్టి కొనేముందే అది ఎంత పెరుగుతుందో అడగండి. నేను అడగలేదు.

రాజమండ్రి వచ్చాక నైలాన్ దారం ఉండలు నాలుగు కొన్నాను. పరీక్షలయ్యాక మావాడు తనే తీసుకెళ్ళి ఇస్తానన్నాడు. వల కన్ను అల్లడం బాబాయి దగ్గర నేర్చుకుంటాడట.