మూటలోని వారసుడు

తెలుగున ఇల్లు అను చిన్న మాటకు గోడలు, కప్పు మాత్రమే అర్థము కాదు. వారిది పెద్ద ఇల్లు అన్నచో బంధువర్గమంతయు లెక్కకు వచ్చును. ఇంటిపేరన్నచో పూర్వులు విడిచివచ్చిన ఊరు జ్ఞాపకమునకు వచ్చును. ప్రాచీన హీబ్రూ భాషలోను ఇట్టి మాట యొకటి కలదు. అది బయిత్. గృహమునకును, దేవాలయమునకును, రాజవంశమునకును అదియే మాట. రెండవ సమూయేలు గ్రంథము ఏడవ అధ్యాయమంతయు దీని మీదనే నడచినది. తాను దేవదారు నగరులో నుండగా దేవుని మందసము డేరాలో నున్నదని దావీదు చింతించి, దేవునికొక ఇల్లు కట్టదలచెను. నాతాను ప్రవక్త తెచ్చిన సమాధానము వేరు. దావీదు దేవునికి ఇల్లు కట్టుట కాదు, దేవుడే దావీదునకు ఇల్లు నిలుపునట! అతని సంతతి తప్పు చేసినచో దండన కలదు గాని కృప తొలగదట.

దీనినే తెలుగు క్రైస్తవులు దావీదు నిబంధన యందురు. నిబంధన యన్న మాటలో మన చెవికి షరతు వినబడును. కాని ఇచ్చట షరతు లేదు. తీరా రాజుల గ్రంథమునకు వచ్చుసరికి, మరణశయ్యపై నున్న దావీదే సొలొమోనుతో, బిడ్డలు సత్యముగ నడచినచో సింహాసనము నిలుచునని చెప్పును. ఈ రెండు స్వరములును ఆ గ్రంథమున ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకదాని కొరకు రెండవదానిని ఎవరును చెరిపివేయలేదు. ఆ నిజాయితీ మాకు నచ్చినది.

మేము ఈ గ్రంథమును చదువుటకు కారణము మారతహళ్ళిలో మా పై అంతస్తున నున్న గుంటూరు సీమ పెద్దావిడ. మేమామెను పిన్నిగారందుము. చూపు మందగించినది. మనుమలకు తెలుగు మాట వచ్చును గాని అక్షరము రాదు. అందుచే సాయంకాలములందు మేము చదువుచుండగా ఆమె వినుచుండెను. ఒకనాడు అతల్యా కథ వచ్చినది. కుమారుడు అహజ్యా హతుడు కాగా, అతల్యా రాజసంతతినంతయు చంపించి తానే యేలసాగెను. అహజ్యా సోదరి యెహోషెబ మాత్రము యోవాషు అను పసివానిని దాదితో గూడ తప్పించి దాచెను. వాడు ఆరేండ్లు దేవాలయములో నుండెను. ఏడవ యేట యెహోయాదా అను యాజకుడు కావలివారిని కూర్చుకొని, బాలుని వెలుపలికి తెచ్చి, తలపై కిరీటమును, చేతికి ధర్మశాసన గ్రంథమును ఇచ్చెను. పిమ్మట దేవునికిని, రాజునకును, ప్రజలకును నడుమ నిబంధన చేయించెను.

పిన్నిగారు అంతయు విని, "ఆ పిల్లవాణ్ణి ఎత్తుకుపోయిన తల్లి ఒక్క మాటైనా మాట్లాడలేదు చూశారా బాబూ!" అనిరి. నిజమే. యెహోషెబ పలుకొక్కటియు గ్రంథమున లేదు.

మాకు వెంటనే మన వేలూరు కోట జ్ఞాపకమునకు వచ్చినది. 1614లో వేంకటపతి రాయలు మరణించుటకు ముందు అన్న కుమారుడగు శ్రీరంగరాయలను వారసునిగ నిర్ణయించెను. రాణి తనదని చూపిన బిడ్డ తన బిడ్డ కాడని రాయల యెరుక. రాణి పక్షమువాడగు గొబ్బూరి జగ్గరాయడు శ్రీరంగని భార్యాబిడ్డలతో చెరబట్టెను. వెలుగోటి యాచమనాయడొక్కడు లొంగలేదు. చెరలోనివారి బట్టలు తీసికొనిపోవు రజకుని చేత, నడిమి కుమారుడగు రామరాయని మూటలో దాచి కోట దాటించెను. బాలునికప్పటికి సుమారు పన్నెండేండ్లు. పిమ్మట జగ్గరాయడు చెరలో మిగిలినవారిని బ్రతుకనీయలేదు. 1616లో బర్రదాస్ అను పోర్చుగీసు మతగురువు వ్రాసిన లేఖలో ఈ వృత్తాంతము కలదు. రాబర్ట్ సూయెల్ 1900లో తన విజయనగర చరిత్రయందు దానిని అచ్చొత్తించెను. కావేరీ తీరమున తోపూరు యుద్ధములో జగ్గరాయడు కూలెను. తంజావూరు రఘునాథ నాయకుడును, యాచముడును నిలువగా రామరాయలు రాజయ్యెను.

ఇంతటితో కథ ముగిసినచో బాగుండును. యెహోయాదా బ్రతికినంత కాలము యోవాషు చక్కగా ఏలెను. దేవాలయమునకు మరమ్మతులు చేయించెను. ఆయన పోయిన పిమ్మట ఆయన కుమారుడగు జెకర్యానే రాళ్ళతో కొట్టించి చంపించెనని దినవృత్తాంతములు చెప్పును. ప్రాణము పోసిన ఇంటిపైననే! తుదకు తన సేవకుల చేతనే చచ్చెను. యాజకునికేమో రాజుల సమాధులలో చోటు దొరికినది, రాజునకు దొరకలేదు. మన రామరాయలు అట్టి కృతఘ్నుడు కాడు గాని, కుమారులు లేక చిన్నవయసుననే పోయెను. 1632లో సింహాసనము దాయాదియగు పెద వేంకటరాయలకు చేరినది. ఆ శతాబ్దము ముగియకమునుపే రాయల రాజ్యము పేరు మాత్రమైనది. కాపాడిన వెలుగోటి వారి ఇల్లు మాత్రము వేంకటగిరి సంస్థానముగ 1948 నాటి జమీందారీ రద్దు చట్టము దాక నిలిచినది. రజకుని ఇంటిపేరు బర్రదాస్ వ్రాయలేదు.

యోవాషు ఘట్టములో మమ్ము ఆపినది కిరీటము కాదు, దానితోపాటు చేతికిచ్చిన గ్రంథము. రక్తమున్నంత మాత్రమున వారసత్వము పూర్తి కాదని యెహోయాదాకు తోచియుండును. ఈ మారతహళ్ళి ప్రాంతమున తరముల నుండి ఇంట తెలుగు మాటాడు కుటుంబములున్నవి. కొలువులకై వచ్చి స్థిరపడిన మావంటివారము మరెందరమో. మా ఇండ్ల బిడ్డలకు ఇంటిపేరు తానై వచ్చినది. అక్షరమట్లు రాదు, ఎవరో ఒకరు చేతికి ఈయవలయును.

పిన్నిగారి మనుమరాలు బడిలో కన్నడము చదువుచున్నది. ఈ నడుమ ఆ పిల్ల కన్నడ లిపి ఆధారముననే బామ్మగారి గ్రంథమును కూడబలుక్కొని చదువుచున్నది. తలకట్టు దగ్గర, శకారము దగ్గర ఆగును. పిన్నిగారు కన్నులు మూసికొనియే దిద్దుదురు. మొన్నటికి యోవాషు దేవాలయములో దాగినంత వరకు వచ్చినది.