పీడీ సార్ వెంట మూడు కోర్టులు

జనగామ స్టేషన్‌లో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కువసేపు ఆగదు. ఆ కాస్త టైంలోనే పదకొండు మంది పిల్లలు, నాలుగు బంతుల సంచి, గాలి పంపు, నీళ్ల క్యాన్, అందరికంటే చివర మా పీడీ సార్ జనరల్ బోగీలోకి ఎక్కాలి. నేను ప్లాట్‌ఫాం మీద ఏదో అతిథిలా నిలబడి ఉన్నా. సార్ నన్ను చూశారు. పన్నెండేళ్ల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట, "అరేయ్, గట్లనే చూస్తవేంది? సంచి పట్టు."

పట్టుకున్నా.

వారం ముందు మా పాత టీం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది: 'సార్‌కు ఇదే ఆఖరి సీజన్. జూన్‌లో రిటైర్.' ఆయన డిగ్రీ చదివిందీ మా కాలేజీలోనే, బాస్కెట్‌బాల్ ఆడిందీ అక్కడే. బీపీఈడీ చేసి మళ్లీ అదే గేటులోంచి పీడీగా లోపలికొచ్చారు. 31 ఏళ్లయింది. మూడు ఊళ్లలో మూడు ఫ్రెండ్లీ మ్యాచ్‌లు పెట్టుకున్నారని తెలిసి రెండు రోజులు లీవు పెట్టేశా. నిజం చెప్పాలంటే వీడ్కోలు చెప్పడానికి రాలేదు. ఒక అప్పు తీర్చుకుందామని వచ్చా.

ఫైనలియర్‌లో వరంగల్‌లో యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్. నేను టీంలో పాయింట్ గార్డును. అదే రోజు హైదరాబాద్‌లో వాక్-ఇన్ ఇంటర్వ్యూ. సార్‌కు చెప్తే వద్దంటారేమోనని చెప్పలేదు. ఫోన్ ఆపేసి బస్సెక్కా. ఉద్యోగం రాలేదు, మా వాళ్లు మొదటి రౌండ్‌లోనే ఓడిపోయారు. ఆ తర్వాత సార్‌కు ఎదురుపడలేదు. కాలేజీకి టీసీ కోసం కూడా మా తమ్ముణ్ని పంపించా.

మొదటి మ్యాచ్ ముందు రోజు సాయంత్రమే జనగామలో అయిపోయింది. గెలిచారట. సిమెంటు కోర్టు, ఒక వైపు రింగుకు వల లేదు, అంతకుమించి చెప్పుకోవడానికేం లేదు. పక్క ఊరు పెంబర్తి ఇత్తడి పనికి పేరు కదా, అక్కడి చిన్న జ్ఞాపిక ఒకటి గెలిచినవాళ్లకిచ్చారు. కెప్టెన్ దాన్ని టవల్‌లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, చంటిపిల్లలా.

కాజీపేట, వరంగల్ దాటాక బోగీ ఖాళీ అయింది. సార్ క్లాసు మొదలుపెట్టారు. ఈ పాఠం మేమూ విన్నదే. 1891 డిసెంబరులో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ మాస్టారు చలికి బయట ఆడలేని పిల్లల కోసం గోడకు పీచ్ పండ్ల బుట్టలు కొట్టించి ఈ ఆట కనిపెట్టాడు. "అంటే పీడీ సారే కనిపెట్టిండు రా. తర్వాత ఆయన కాన్సస్ యూనివర్సిటీకి కోచ్ అయిండు. గెలిచినయి 55, ఓడినయి 60. కనిపెట్టినోడే ఓడిండు, మీదెంత?" పిల్లలు నవ్వారు. మేం కూడా సరిగ్గా ఇక్కడే నవ్వేవాళ్లం.

నెక్కొండ స్టేషన్ రాగానే సార్ కిటికీలోంచి చెయ్యి చూపించారు. అక్కడికి దగ్గర్లోనే పర్వతగిరి మండలం కల్లెడ. దీప్తి జీవాంజి ఊరు. 2024 మేలో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కంచు పతకం. ఊళ్లో ఆ పిల్లను ఎన్ని మాటలన్నారో, వాళ్లమ్మానాన్నలు పొలం ఎట్లా అమ్ముకున్నారో, ఆమె తెచ్చిన బహుమతి డబ్బుతోనే మళ్లీ ఎట్లా కొనుక్కున్నారో పేపర్లలో వచ్చింది. సార్ చెప్పింది వేరే సంగతి. "అందరు నాగపురి రమేశ్ సార్ పేరు చెప్తరు. చెప్పాలె, ద్రోణాచార్య తీసుకున్న మనిషి. కానీ ఆయన దాకా పోకముందు బడిలో ఒక పీఈటీ ఉన్నడు, బియాని వెంకటేశ్వర్లు. ఎండల ఉరుకుతుంటే ఆగి చూసింది ఆయన." ఇంతలో పల్లీలమ్మే ఆమె వచ్చింది, పాఠం ఆగిపోయింది.

మహబూబాబాద్‌ను ఇక్కడ మానుకోట అంటారు. ఫిబ్రవరిలో ఈ ఊరు కంటికంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. కేసముద్రం దాటినప్పటి నుంచే గాల్లో మిర్చి ఘాటు. ఊరి చివర కోర్టు దగ్గరికెళ్తే సగం కోర్టులో ఎవరో మిరపకాయలు ఆరబోశారు. ఆ రైతును వెతికి బతిమాలి, అందరం కలిసి పట్టాలు పట్టుకుని పక్కకు లాగేసరికి గంట. ఆ తర్వాత మ్యాచ్ కాదు, తుమ్ముల పోటీ. ఫ్రీ త్రో వేసేవాడు తుమ్ముతాడు, రీబౌండ్‌కు ఎగిరినవాడు కళ్లు నలుపుకుంటాడు. మూడో క్వార్టర్‌లో బంతి వెళ్లి మిరపకాయల కుప్పలో పడింది. అక్కణ్నుంచి ఆట అయిపోయినట్టే. 9 పాయింట్లతో ఓడాం. 'ఓడాం' అని రాశానా? సరే, ఉండనీయండి.

భూపాలపల్లికి రైలు లేదు. వ్యాన్ మాట్లాడుకుని నర్సంపేట, మల్లంపల్లి, ములుగు మీదుగా బయల్దేరాం. జంగాలపల్లి దగ్గర పిల్లలు రామప్ప చూద్దామన్నారు. "గుడి 800 ఏండ్ల సంది ఉన్నది, రేపు గూడ ఉంటది. మ్యాచ్ నాలుగింటికి" అన్నారు సార్. యునెస్కో ఒప్పుకున్నా మా సార్ ఒప్పుకోలేదు.

ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుని, మాట కలపడానికి సిరాక్యూస్ కోచ్ జిమ్ బోహైమ్ గురించి చెప్పా. 1962లో అదే యూనివర్సిటీలో విద్యార్థిగా చేరి ఆడాడు. 1976లో హెడ్ కోచ్ అయ్యి 2023 దాకా, 47 సీజన్లు, అదే టీంకు. 2003లో జాతీయ టైటిల్ కొట్టాడు. వాళ్ల స్టేడియంలో మ్యాచ్ చూడ్డానికి 30 వేల మందికి పైగా వచ్చిన రోజులున్నాయి.

సార్ శ్రద్ధగా విన్నారు. "మంచిగున్నది. మరి ఆయనకు చెప్పకుండ ఎంతమంది పోయిండ్రంట?"

ఘనపురం వచ్చేదాకా నేను నోరెత్తలేదు. చెల్పూరు థర్మల్ చిమ్నీలు కనబడ్డాక అన్నా, "సార్, ఆ రోజు ఇంటర్వ్యూకు పోయిన. మీకు చెప్పాల్సింది."

"తెలుసు" అన్నారు. అంతే. డ్రైవర్‌కు దారి చెప్పడంలో పడిపోయారు.

భూపాలపల్లిలో మొదటి షిఫ్టు దిగిన సింగరేణి కార్మికులు ఇంటికెళ్తూ ఆగి చూశారు. ఈ మూడు ఊళ్లలో నాకు నచ్చిన ప్రేక్షకులు వీళ్లే. చప్పట్లు తక్కువ, సలహాలు ఎక్కువ. ఒకాయనైతే టిఫిన్ క్యారియర్ కింద పెట్టి, మా సెంటర్ ఆడే కుర్రాడికి అడుగులు ఎట్లా వెయ్యాలో వేసి చూపించాడు. లారీల దుమ్ములో బంతి నల్లబడింది. ఆఖరి నిమిషంలో 2 పాయింట్లతో గెలిచారు.

చీకటి పడ్డాక టీ కొట్టు దగ్గర సార్ తన స్కోరు పుస్తకం నా చేతికిచ్చారు, ఈ రోజు లెక్క కూడమని. అట్ట మీద పాత సంవత్సరాలూ ఉన్నాయి, ఒకదానికొకటి కుట్టిన పుస్తకాలు. కూడుతున్నట్టు నటిస్తూ వెనక్కి తిప్పా. ఆ వరంగల్ మ్యాచ్ పేజీ దొరికింది. నా పేరు కొట్టేసి ఉంది, పక్కన ఒక్క మాట: 'జ్వరం.'

"కారణం రాయకపోతే ప్రిన్సిపాల్ ఊరుకోకపోవు. వచ్చే ఏడాది టీంకు పైసలు ఆపుతడని భయం" అన్నారు సార్, బిస్కెట్ టీలో ముంచుతూ. "నీ కోసం రాయలే. అనవసరంగ కండ్లల్ల నీళ్లు పెట్టకు, మిర్చి ఘాటు ఇంకా పోలేదంటరు పోరగాళ్లు."

జూన్ తర్వాత ఎవరొస్తారని అడిగా. పోస్టు నింపుతారో లేదో తెలియదన్నారు. "ఆదివారం ఆదివారం నేనే వస్త. గేటు తాళం వాచ్‌మన్ దగ్గరుంటది. ఐదున్నరకు."

ఆ 'ఐదున్నర' ఎవరికి చెప్పారో నాకు అర్థమైంది. సికింద్రాబాద్ నుంచి ఆ టైంకు జనగామ చేరాలంటే ఏ బండి ఉందో వ్యాన్‌లో కూర్చుని ఫోన్‌లో వెతుకుతున్నా. సిగ్నల్ లేదు. ఒళ్లో బంతుల సంచి, దాని నిండా బొగ్గు మసి.