టైరుకు ఎన్ని వేల బీడీలు?

మంగళవారం వచ్చిందంటే కొండగట్టు అంజన్న గుట్ట మీద బండ్ల పూజలకు తీరిక ఉండదు. షోరూం నుంచి నేరుగా వచ్చిన బైకులు, ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు వరుస కడతాయి. 2019 దసరాకు ముందు ఓ మంగళవారం ఆ వరుసలో పద్నాలుగేళ్ల పాత కారు ఒకటి నిలబడింది. నంబరు ఢిల్లీది. చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూ పూజారి ఒకసారి బండి చుట్టూ చూసి, ‘‘పాతదేనా?’’ అని అడిగాడు.

‘‘నాకు కొత్తదే అయ్యగారూ’’ అన్నాడాయన.

ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. పద్నాలుగేళ్లు దుబాయిలో హౌస్ డ్రైవరుగా పనిచేసి వచ్చాడు. ఉత్తర తెలంగాణలో ఇలాంటి ఇల్లు లేని ఊరు ఉండదు. ఆయన అర్బాబుకు ఐదు కార్లు. పొద్దున లేచి వాటిని తుడిచేది ఈయనే, అర్బాబు పిల్లల్ని బడికి దింపేది ఈయనే, సర్వీసుకు తీసుకుపోయేదీ ఈయనే. కాలు ఇలా ఆనిస్తే అలా ఎగిరిపోయే బండ్లు. వాటి ఇంజన్ల గుట్టుమట్లు ఆయనకు తెలిసినంతగా ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియవు. తెలియనిది ఒక్కటే... బిల్లు. పద్నాలుగేళ్లలో ఒక్క బిల్లు కూడా ఆయన జేబులోంచి కట్టింది లేదు.

ఇంటికొచ్చాక చిన్న కారు కొనుక్కోమన్నారు అందరూ. ఆయన మనసు మాత్రం స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ మీద పడింది. 2004లో మన దేశంలో దిగిన కారది. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 150 హార్స్‌పవర్. ఆ రోజుల్లో మన రోడ్ల మీద ఎక్కడ చూసినా కనిపించిన మారుతి 800 శక్తి 37 హార్స్‌పవర్ అంటే తేడా అర్థమవుతుంది. కొత్తగా ఉన్నప్పుడు పదిహేను లక్షల మాట. అలాంటిది ఆయనకు రెండు లక్షల ఇరవై వేలకు దొరికింది.

అంత చవకగా ఎందుకు దొరికిందంటే, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు ఢిల్లీ చుట్టుపక్కల తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా అంది. దాంతో పద్నాలుగో ఏట పడ్డ మంచి మంచి బండ్లు అక్కడ అడిగినంతకు అమ్ముడుపోయాయి. అక్కడ పనికిరానిది ఇక్కడ పనికొస్తుంది. కాకపోతే ఢిల్లీ నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబరు మార్పించుకోవాలి. ఆ తిరుగుడు పూర్తయ్యి జగిత్యాల నంబరు పడేసరికి కొన్న ధర మీద ఇంకొంత ఎక్కింది.

ఆ రోజే ఆయన రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాడు. మొదటి పేజీలో పసుపు బొట్టు, కింద ‘శ్రీ’. ఆ తర్వాత కారుకు పెట్టిన ప్రతి రూపాయి అందులో రాశాడు. ఇలా రాసే అలవాటు మంచిదే. రాసింది కూడకపోతే ఇంకా మంచిది!

మొదటి పేజీలన్నీ పెట్రోలే. అప్పుడు హైదరాబాద్‌లో లీటరు ఎనభై రూపాయల లోపే ఉండేది. 2022 ఏప్రిల్‌కు 119 రూపాయల 49 పైసలకు పోయింది. తర్వాత దిగి, 2024 మార్చి నుంచి 107 చుట్టూ ఆగింది. జిల్లాల్లో రవాణా ఖర్చుతో ఇంకొంచెం ఎక్కువ. ఆయన కారు ఊళ్లో తిరిగితే లీటరుకు ఎనిమిది, హైవే ఎక్కితే పన్నెండు. సగటున పది అనుకుందాం. నెలకు ఐదు వందల కిలోమీటర్లు తిరిగితే యాభై లీటర్లు. ఐదున్నర వేలకు దగ్గరే. అదే చిన్న కారైతే మూడు వేలతో సరిపోను.

ఆయన జీతం పదహారు వేలు. దుబాయి నుంచి వచ్చాక స్కూలు బస్సు నడుపుతున్నాడు. పగలంతా పిల్లల్ని ఎక్కించుకుని నలభై మీద ముల్లు దాటకుండా నడపాలి. సాయంత్రం ఇంటికొస్తే వాకిట్లో 150 గుర్రాలు కట్టేసి ఉంటాయి. వాటికి దాణా పెట్టకుండా నిలిపినా లాభం లేదు. పదిహేను రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది. 2020 లాక్‌డౌన్‌లో ఆ ముచ్చటా తీరింది. అటూ ఇటూ పోయేదే లేదు కాబట్టి పెట్రోలు పేజీ ఖాళీగా ఉంది. దాని పక్కనే ‘బ్యాటరీ - 7,000’ అని ఉంది.

ఇంట్లో ఈ లెక్కలన్నీ ఇంకో కొలతలోకి మార్చే మనిషి ఉంది. ఆయన భార్య. ఆయన దుబాయిలో ఉన్న పద్నాలుగేళ్లూ ఇల్లు ఆమె చేతుల మీదే నడిచింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, అటు నిర్మల్ పల్లెల్లో ఆడవాళ్ల ఒళ్లో చాట లేని వాకిలి కనిపించడం తక్కువ. ఆదిలాబాద్ అడవుల్లో తెంపిన తునికాకు ఈ చాటల్లోకే వచ్చి బీడీ అవుతుంది. వెయ్యి బీడీలు చుడితే వచ్చేది రెండు వందల యాభైకి అటూ ఇటూ. రోజంతా నడుం వంచినా వెయ్యి పూర్తికావడం కష్టమే.

మూడో ఏడు టైర్లు అరిగాయి. మామూలు కార్లకు వేసే టైర్లు దీనికి పనికిరావు. ఇవి వెడల్పు టైర్లు, అంత వేగాన్ని తట్టుకునే రకం. ఒక్కోటి ఏడు వేలు. ఆయన బిల్లు తెచ్చి నోటుబుక్కులో పెడుతుంటే ఆమె చాటలోంచి తల ఎత్తకుండానే అడిగింది.

‘‘ఒక టైరుకు ఎన్ని వేల బీడీలు?’’

ఆయన మాట్లాడలేదు. ఎనిమిదో తరగతిలో కారు చూసి ఎగిరి గంతేసిన బిడ్డ అప్పటికి పదో తరగతి దాటింది. అదే లెక్క చేసి చెప్పింది. ‘‘ఇరవై ఎనిమిది వేలు అవ్వా. నాలుగు టైర్లకు లక్షా పన్నెండు వేల బీడీలు.’’

అప్పటి నుంచీ ఆ ఇంట్లో కారు ఖర్చును రూపాయల్లో చెప్పుకోవడం మానేశారు.

ఇన్సూరెన్స్ సంగతి చాలామంది ఆలోచించరు. థర్డ్ పార్టీ ప్రీమియం కారు ధరను బట్టి ఉండదు, ఇంజన్ సైజును బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు. పదిహేను వందల సీసీ దాటితే 7,897. పైన 18 శాతం జీఎస్టీ. బండి పాతబడి విలువ పడిపోయినా ఈ అంకె మాత్రం దిగిరాదు. రెండు లక్షల పాత కారుకూ, పాతిక లక్షల కొత్త కారుకూ ఇంజన్ ఒకే తరగతిదైతే కట్టేది ఒకటే! పోనీ సొంత బండి దెబ్బతింటే వచ్చే ఇన్సూరెన్స్ తీసుకుందామా అంటే, ఐదేళ్లు దాటిన బండి విలువ ఎంతో ఇద్దరూ కూర్చుని ఒప్పుకోవాలి. క్లెయిమ్‌కు వెళ్తే ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద సగానికి సగం కోత. పాత యజమాని కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ అతనితోనే వెళ్లిపోతుంది, బండితో రాదు. అన్నీ విన్నాక ఆయన థర్డ్ పార్టీతోనే సరిపెట్టుకున్నాడు. అంటే బంపరు పగిలితే ఆ భారం పూర్తిగా ఆయనదే.

బంపరుకు గండం మన రోడ్ల మీద అడుగడుగునా ఉంది. ఊరు ఊరికీ స్పీడ్ బ్రేకరు. కొన్నింటికి తెల్ల గీత కూడా ఉండదు. రాజీవ్ రహదారి మీదైతే ముందు గ్రానైట్ లారీ, వెనక బొగ్గు లారీ. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఈ కారు మూలకు తిరిగి, అడ్డంగా నక్కి నక్కి దాటాలి. లేకపోతే కింద ఆయిల్ చాంబర్ గీసుకుపోతుంది. చాంబర్ పగిలి ఆయిల్ కారిపోయిందంటే ఇంజన్‌కే ఎసరు. వెనక వచ్చే ఆటో డ్రైవర్లు హారన్ కొట్టి, ‘‘గంత పెద్ద బండి గింత పిరికిదా?’’ అని నవ్వుకుంటూ పోయేవారు.

జగిత్యాలలో దీన్ని ముట్టుకునే మెకానిక్ లేడు. కరీంనగర్‌లో ఒకాయన దొరికాడు. స్కానర్ ఉంది, ఓపిక ఉంది. అతను మొదటిరోజే చెప్పాడు. ‘‘అన్నా, దీని టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చిన్రో తెల్వనప్పుడు మార్చుడే మంచిది. అది తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటయ్. ఇంజన్ మొత్తం ఇప్పాల్సి వస్తది.’’ బెల్టు ధర చూస్తే పెద్దది కాదు. దానితోపాటు టెన్షనర్, వాటర్ పంపు, కూలి కలిస్తే ఇరవై రెండు వేలు. చిత్రమేమిటంటే ఇంత ఖర్చు పెట్టాక బండిలో ఏ మార్పూ కనిపించదు. నిన్న ఎలా నడిచిందో నేడూ అలాగే నడుస్తుంది. ఇంట్లోవాళ్లకు ఈ ఖర్చు అర్థం చేయించడం అన్నిటికన్నా కష్టం.

టర్బో ఇంజన్‌కు మామూలు ఆయిల్ పోస్తే ఒప్పుకోదు. సింథటిక్ ఆయిల్, ఫిల్టర్లు కలిపి ఏడాదికి ఐదు వేలు. దూరం నుంచి వేగంగా వచ్చి టక్కున తాళం తిప్పి ఆపకూడదు. టర్బో ఎర్రగా కాలి ఉంటుంది. ఒక నిమిషం అలా నడవనిచ్చి ఆపాలి. ఎండాకాలం రామగుండం వైపు వెళ్లొచ్చినప్పుడైతే ఇంకా జాగ్రత్త. స్పేర్ పార్టులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికితే అదృష్టం. లేకపోతే ఢిల్లీ మాయాపురి పాత సామాన్లే దిక్కు. రాణిగంజ్ నుంచి ఆర్టీసీ కార్గోలో వేస్తే జగిత్యాల బస్టాండుకు వస్తాయి. కార్గో కౌంటరు అబ్బాయి ఈయన్ని దూరం నుంచి చూసే, ‘‘కాకా, ఇయ్యాల నీది రాలే’’ అనేవాడు.

ఇదంతా చదివి ఆయనకు పిచ్చి అనుకుంటే ఒక్క ప్రయాణం సంగతి కూడా చెప్పాలి.

ఆయన అక్కది ఆదిలాబాద్. 2021 చలికాలంలో అక్కడికి బయలుదేరారు. మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా వెళ్లి, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్. దాదాపు రెండు వందల కిలోమీటర్లు. పోనురాను పెట్రోలు, గంజాల్, రోల్‌మామడ టోల్‌గేట్లు కలిపితే నాలుగు వేలు. ముందు సీట్లో భార్య. పద్నాలుగేళ్లు ఆ పక్క సీట్లో, వెనక సీట్లో ఎవరెవరినో కూర్చోబెట్టుకుని తిప్పిన మనిషి ఆయన. ఆ రోజుల్లో ఈమె అక్క ఇంటికి పోవాలంటే చంటిపిల్లను ఎత్తుకుని మూడు బస్సులు మారింది.

మొదట ‘‘జర మెల్లగ పోనియ్యి’’ అంటూనే కూర్చుంది. ఆర్మూర్ దాటి నాలుగు వరుసల రోడ్డు ఎక్కాక మాట తగ్గించింది. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు ముందు ఓ లారీ మూలుగుతూ పోతోంది. మలుపు దాటి దారి సాఫీగా కనబడ్డాక ఆయన గేరు ఒకటి తగ్గించి కాలు ఆనించాడు. వీపు సీటుకు అతుక్కుంది. లారీ అద్దంలో చుక్కయింది. ఆయన భయపడుతూ ఆమె వైపు చూశాడు.

‘‘గింతేనా ఉరుకుడు?’’ అంది ఆమె.

ఆ రోజు నోటుబుక్కులో ఆయన పెట్రోలు, టోలు రాశాడు. ఆ మాట రాసుకోలేదు గానీ, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాడు.

2025 వచ్చేసరికి కారుకు ఇరవై ఏళ్లు నిండే సమయం. పదిహేనేళ్లప్పుడు 2020లో రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు పొడిగించారు. అప్పుడు ఫీజు ఆరు వందలు. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం దాన్ని ఐదు వేలు చేసింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు పది వేలు చేసింది. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇది చాలదన్నట్టు పెట్రోల్లో ఇథనాల్ ఇరవై శాతానికి చేరింది. దానికి తగ్గట్టు తయారుకాని పాత బండ్లలో మైలేజీ మూడు నుంచి ఆరు శాతం తగ్గొచ్చని పెట్రోలియం శాఖే చెప్పింది. ఆయన లెక్కలో పది కాస్తా తొమ్మిదిన్నర అయింది. మెకానిక్ రబ్బరు పైపులు మార్చి ఇంకో బిల్లు ఇచ్చాడు.

అదే నెలలో బిడ్డ చదివే ఇంజనీరింగ్ కాలేజీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేదాకా ఆగలేం, మీరే కట్టండంది. ఆ రాత్రి మొదటిసారి నోటుబుక్కు మొత్తం కూడారు. బిడ్డే కూడింది. టైర్లు, క్లచ్చు, షాక్‌లు, బెల్టు, ఆయిల్, ఏసీ, ఆరేళ్ల ఇన్సూరెన్స్. పెట్రోలు వదిలేస్తే రెండు లక్షల ఇరవై ఆరు వేలు.

‘‘బాపూ, నువ్వు ఈ కారును రెండుసార్లు కొన్నవ్’’ అంది.

అమ్మేద్దామని ఆయనే అన్నాడు. మంచిర్యాల నుంచి ఓ కుర్రాడు వచ్చాడు, సింగరేణిలో కొత్తగా ఉద్యోగం. బండి నడిపి దిగినప్పుడు కళ్లు వెలిగిపోతున్నాయి. లక్షన్నర ఇస్తానన్నాడు. ఈయనకు ఏం తోచిందో, లోపలికి వెళ్లి నోటుబుక్కు తెచ్చి చేతిలో పెట్టాడు. చాయ్ తాగుతూ కుర్రాడు ఒక్కో పేజీ తిప్పాడు. చాయ్ అయిపోయేలోపు ముఖంలో వెలుగు సగానికి దిగింది. ‘‘ఇంట్ల అడిగి చెప్తనే అన్నా’’ అని లేచాడు. మళ్లీ ఫోన్ చేయలేదు.

‘‘పుస్తకం ఎందుకు చూపించినవ్?’’ అంది ఆమె.

‘‘నాకు ఎవ్వరూ చూపియ్యలే’’ అన్నాడు.

కాలేజీ ఫీజుకు ఆమె చీటీ ఎత్తింది. నవంబరులో రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడ్డాక ఓ సాయంత్రం ఆయన బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నోటుబుక్కు చాట పక్కన తెరిచి ఉంది. ఆయన రాత కింద ఆమె చేతిరాతతో ఓ వరుస కొత్తగా కనిపించింది.

‘ఫీజు - 40 వేల బీడీలు. నెలకు ఒక్కసారే తియ్యాలె. సంక్రాంతికి ఆదిలాబాద్.’