కన్ను చెప్పేది, ముల్లు చెప్పేది

హెలికాప్టర్ ప్రమాదం అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది 2009 సెప్టెంబరు 2, నల్లమల. అది ప్రభుత్వ హెలికాప్టర్, టికెట్టు కొని ఎక్కేది కాదు. కానీ మబ్బూ కొండా కలిసిన చోట అసలేం జరుగుతుందన్న ప్రశ్న అప్పట్నుంచీ నా బుర్రలో ఉండిపోయింది. నేను పైలట్‌ని కాదు, సర్వర్లు చూసుకుని బతికేవాణ్ణి. తీరిక దొరికితే ప్రమాద నివేదికలు చదవడం ఓ పిచ్చి.

మబ్బులో పడితే పైనేదో కిందేదో తెలీదు. పక్కకి ఒరిగిపోతున్నా తిన్నగా పోతున్నట్టే ఒళ్ళు చెబుతుంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరికరాల శిక్షణ లేని 20 మందిని విమానంలో ఇలాగే పరీక్షిస్తే అందరూ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో! అదీ విమానంతో. హెలికాప్టర్ ఇంకా మొండిది.

అందుకే కిటికీ బయటికి కాకుండా ముళ్ళని చూసి నడపడం, అదే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్. నార్త్ సీ చమురు రిగ్గులకి మనుషుల్ని చేరవేసే హెలికాప్టర్లకి ఇది ఎప్పట్నుంచో రోజువారీ పని: రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు, రాడార్. ఇప్పుడు ఉపగ్రహాల పుణ్యమా అని నేలమీద ఖరీదైన సరంజామా లేని చోటికీ దారి గీయొచ్చు. మన పవన్ హంస్ 2023లో గగన్ సాయంతో జుహూ నుంచి పుణెకి అలా ఎగిరి చూపించింది.

మరైతే పరికరాలుంటే చాలా? చాలదు. 2020 జనవరిలో కోబీ బ్రయంట్‌తో సహా 9 మంది పోయిన హెలికాప్టర్‌లో ఆటోపైలట్ ఉంది, పైలట్‌కి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగూ ఉంది. కంపెనీకి మాత్రం కంటిచూపుతో ఎగిరే అనుమతే ఉంది. 2013 ఆగస్టులో షెట్లాండ్ దగ్గర సముద్రంలో కూలిన సూపర్ ప్యూమాది ఇంకో కథ. ముళ్ళు చూస్తూనే దిగాలి, కానీ వేగం పడిపోవడం ఎవరూ గమనించలేదు. నలుగురు పోయారు. డాష్‌బోర్డు ఉండటం వేరు, దాన్ని చూడటం వేరు. ఇది మనకి కొత్తగా చెప్పాలా?

ఇక కేదార్‌నాథ్. 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర ఏడుగురు పోయారు. ఇరుకు లోయ, ఒంటి ఇంజను, రోజంతా ట్రిప్పులు. అక్కడ పరికరాల దారి వెయ్యడం తేలిక కాదు. భద్రమైన ఎత్తుకి ఎక్కుదామంటే మబ్బులో మంచు పట్టే ప్రమాదం ఉంది, ఖర్చు సంగతి సరేసరి. అలాంటి దారి లేనంత కాలం పనికొచ్చే పరికరం ఒక్కటే: "ఇవాళ వెళ్ళం" అనగలగడం.

మనలో చాలామంది అమ్మానాన్నలకి ఆ టికెట్లు ఆన్‌లైన్‌లో బుక్ చేసేవాళ్ళమే. ట్రిప్పు రద్దయిందని వాళ్ళు ఫోన్ చేస్తే కౌంటర్ వాళ్ళమీద అరవమని చెప్పకండి. ఇంకో రోజు హోటలు ఖర్చు మీరే పంపండి. ఏమంటారు?